డెస్క్‌టాప్ అప్లికేషన్ తెరుచుకోవడానికి ఇంత సేపెందుకు? ఆ సెకన్లన్నీ ఎక్కడ ఖర్చవుతున్నాయి?

2025లో మైక్రోసాఫ్ట్ నుంచి ఒకే తరహా వార్తలు రెండు వచ్చాయి. మొదటిది ఆఫీస్‌లో తెచ్చిన 'స్టార్టప్ బూస్ట్'. మనం కంప్యూటర్‌లో లాగిన్ అయిన కాసేపటికి ఇది వర్డ్‌ని తెర వెనకాల ముందే లోడ్ చేసి ఉంచుతుంది. మే నెల నుంచి జనం కంప్యూటర్లలోకి రావడం మొదలైంది. నవంబర్‌లో విండోస్ 11 ఇన్‌సైడర్ (ముందస్తు పరీక్ష) వెర్షన్‌లో ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌కీ ఇదే పద్ధతిని పరీక్షిస్తున్నామని చెప్పారు. వెంటనే రెండు వాదనలు బయలుదేరాయి. ఖాళీగా పడి ఉండే ర్యామ్ ఇలా పనికొస్తే తప్పేంటని ఒక వర్గం. ఫోల్డర్లు చూపించే ప్రోగ్రాంని కూడా ముందే లోడ్ చేయాల్సి వస్తోందంటే లోపల ఏదో జబ్బు ఉంది, దానికి మందు వేయకుండా పైపూత పూస్తున్నారని ఇంకో వర్గం.

ఎస్‌ఎస్‌డీ, 16 జీబీ ర్యామ్ ఉన్న మెషీన్‌లో కూడా బిల్లింగ్ సాఫ్ట్‌వేరో, ఫోటో ఎడిటరో తెరుచుకోవడానికి ఐదారు సెకన్లు తీసుకుంటే ఎవరికైనా చిరాకే. కౌంటర్ ముందు క్యూ ఉన్నప్పుడు అది టెన్షన్ కూడా. ఆ ఐదారు సెకన్లలో లోపల ఏం జరుగుతుందో తెలిస్తే, ఏ పరిష్కారం చూపించినా దాన్ని ఒక్క ప్రశ్నతో పరీక్షించవచ్చు: ఆలస్యం నిజంగా తగ్గిందా, లేక ఒకచోటి నుంచి ఇంకోచోటికి జరిగిందా?

'ఓపెన్ అయింది' అని ఏ క్షణంలో అనాలి

ఐకాన్ మీద డబుల్ క్లిక్ చేశాక మూడు వేర్వేరు క్షణాలుంటాయి. తెర మీద ఏదో ఒకటి కనిపించడం మొదటిది. మెనూలు, బటన్లు, ట్యాబ్‌లతో అసలు విండో పూర్తిగా కనిపించడం రెండోది. టైప్ చేస్తే అక్షరం పడి, క్లిక్ చేస్తే పని జరగడం మూడోది. 'మా సాఫ్ట్‌వేర్ రెండు సెకన్లలో ఓపెన్ అవుతుంది' అని కంపెనీ చెప్పేది చాలాసార్లు రెండో క్షణం గురించి. వాడేవాళ్లకి కావాల్సింది మూడోది. ఈ తేడా తేల్చుకోకుండా మొదలుపెడితే వాదన ఎంతకీ తెగదు.

ఇంకో తేడా కూడా ఉంది. కంప్యూటర్‌ని రీస్టార్ట్ చేశాక ఒక ప్రోగ్రాంని మొదటిసారి తెరవడాన్ని కోల్డ్ స్టార్ట్ అంటారు. ఒకసారి తెరిచి, మూసి, మళ్లీ తెరవడం వార్మ్ స్టార్ట్. రెండోసారికి ఫైళ్లు ఆపరేటింగ్ సిస్టమ్ దగ్గర మెమరీలోనే ఉంటాయి కాబట్టి డిస్క్ దాకా వెళ్లాల్సిన పని ఉండదు. ప్రోగ్రాం రాసేవాళ్లు రోజంతా దాన్ని తెరుస్తూ మూస్తూ ఉంటారు, అంటే వాళ్లు చూసేది దాదాపు ఎప్పుడూ వార్మ్ స్టార్టే. పొద్దున్నే ఆఫీసుకొచ్చి మెషీన్ ఆన్ చేసే ఉద్యోగికి ఎదురయ్యేది కోల్డ్ స్టార్ట్. 'మా దగ్గర బాగానే వస్తోందండీ' అనే జవాబు అబద్ధం కాకపోవచ్చు, కానీ వాళ్లు కొలిచింది వేరే విషయం.

ఎంత ఆలస్యమైతే ఎక్కువ? యూజబిలిటీ నిపుణుడు జేకబ్ నీల్సన్ 1993లో చెప్పిన మూడు హద్దులనే ఇప్పటికీ వాడుతున్నారు. 0.1 సెకనులోపు జరిగితే మనకు ఆలస్యం తెలియదు. 1 సెకను దాకా ఆగినట్టు తెలుస్తుంది కానీ ఆలోచన తెగదు. 10 సెకన్లు దాటితే మనసు వేరే పని మీదికి పోతుంది.

డబుల్ క్లిక్ నుంచి మొదటి లైను కోడ్ దాకా

ముందు ఆపరేటింగ్ సిస్టమ్ ఆ ప్రోగ్రాం ఫైల్‌నీ, దానికి అవసరమైన డీఎల్‌ఎల్ ఫైళ్లనీ (ప్రోగ్రాంలు వాడుకునే కోడ్ ఉండే ఫైళ్లనీ) డిస్క్ నుంచి చదవాలి. పెద్ద అప్లికేషన్‌కి ఇవి వందల్లో ఉంటాయి. పైగా వాటిని మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా వరసగా చదవరు. ఏ ముక్క కావాలంటే ఆ ముక్క కోసం డిస్క్‌లో అటూ ఇటూ తిరగాల్సి వస్తుంది.

పాత హార్డ్‌డిస్క్‌లో దీని ఖరీదు లెక్కేసి చూద్దాం. నిమిషానికి 7,200 చుట్లు తిరిగే డిస్క్ సెకనుకు 120 చుట్లు తిరుగుతుంది. అంటే ఒక చుట్టుకి 8.3 మిల్లీసెకన్లు. కావాల్సిన చోటు డిస్క్‌ని చదివే తల కిందికి రావడానికి సగటున అర చుట్టు, అంటే 4 మిల్లీసెకన్ల పైన. ఆ తలని సరైన గీత మీదికి జరపడానికి ఇంకో 8 వేసుకుంటే ఒక్కో చదువుకి దాదాపు 12 మిల్లీసెకన్లు. చెల్లాచెదురుగా ఉన్న 400 ముక్కలు చదివితే దాదాపు 5 సెకన్లు ఇక్కడే పోయాయి. ఎస్‌ఎస్‌డీలో ఒక్కో ముక్కకి 0.1 మిల్లీసెకను అనుకున్నా మొత్తం 0.04 సెకను. పాత మెషీన్‌కి ఎస్‌ఎస్‌డీ వేయించగానే ప్రాణం లేచొచ్చినట్టు అనిపించేది ఇందుకే. ఇదే సమస్య కోసం 2001లో విండోస్ ఎక్స్‌పీతో ప్రీఫెచ్ వచ్చింది. ప్రోగ్రాం తెరుచుకునేటప్పుడు మొదటి 10 సెకన్లలో ఏయే ఫైళ్లలో ఏయే ముక్కలు చదివిందో రాసి పెట్టుకుని, తర్వాతిసారి వాటిని ఒక్క ఊపులో తెస్తుంది.

చదివిన ఫైళ్లని యాంటీవైరస్ కూడా పరీక్షిస్తుంది. ఆ తర్వాత రన్‌టైమ్ వంతు, అంటే ప్రోగ్రాంని నడిపించే అడుగు సాఫ్ట్‌వేర్ వంతు. డాట్‌నెట్‌లోనో జావాలోనో రాసిన ప్రోగ్రాంలు నేరుగా ప్రాసెసర్ భాషలో ఉండవు, మధ్యస్థ రూపంలో ఉంటాయి. నడిచేటప్పుడు అవసరమైన ఫంక్షన్‌ని అప్పటికప్పుడు ప్రాసెసర్ భాషలోకి మార్చుకుంటారు. దీన్నే జిట్ కంపైలేషన్ అంటారు. ప్రోగ్రాం మొదలయ్యేటప్పుడు నడిచే ప్రతి ఫంక్షన్ కొత్తదే కాబట్టి ఈ భారమంతా సరిగ్గా ఆరంభంలోనే పడుతుంది.

ముందే మార్చి పెట్టుకోవచ్చు కదా అంటే, పెట్టుకోవచ్చు. 2019లో వచ్చిన డాట్‌నెట్ కోర్ 3.0లో రెడీటురన్ అనే పద్ధతి అదే చేస్తుంది. కానీ దానితో ఫైళ్లు రెండు మూడు రెట్లు పెరుగుతాయి. జిట్ పని తగ్గి, డిస్క్ పని పెరిగింది. ఎస్‌ఎస్‌డీ ఉన్నచోట ఇది లాభసాటి బేరం, పాత హార్డ్‌డిస్క్ ఉన్నచోట లాభమో నష్టమో కొలిచి చూస్తే గానీ చెప్పలేం. జావాలో ఇదే దారిలో, క్లాసుల (కోడ్ ముక్కల) సమాచారాన్ని ముందే సిద్ధం చేసి దాచుకునే క్లాస్ డేటా షేరింగ్ ఉంది. అది 2004 నాటి జావా 5లోనే మొదలైనా, మనం రాసుకున్న క్లాసులకి కూడా వర్తించేలా అందరికీ అందింది 2018లో జావా 10తో.

బరువంతా స్క్రీన్‌దే అయినప్పుడు

ఇక్కడిదాకా చెప్పింది ఏ ప్రోగ్రాంకైనా వర్తిస్తుంది. పదుల కొద్దీ ట్యాబ్‌లు, గ్రిడ్‌లు, టూల్‌బార్‌లు ఉన్న అప్లికేషన్ల అసలు కథ దీని తర్వాతే మొదలవుతుంది.

తెర మీద మనకు ఒక బటన్ కనిపిస్తుంది. లోపల అది ఒక్క వస్తువు కాదు. విండోస్ ప్రోగ్రాంల తెరలు కట్టడానికి 2006లో వచ్చిన డబ్ల్యూపీఎఫ్‌లో ప్రతి కంట్రోల్‌కీ (బటన్ లాంటి ప్రతి తెర భాగానికీ) ఒక టెంప్లేట్, అంటే అచ్చు ఉంటుంది. బటన్ అంటే ఒక అంచు, దాని లోపల ఒక కంటెంట్ డబ్బా, దాని లోపల అక్షరాలు. వీటన్నిటినీ సృష్టించి, ఒక్కొక్కదానికి ఎంత చోటు కావాలో కొలిచి, ఎక్కడ కూర్చోవాలో నిర్ణయించి, అప్పుడు గీయాలి. పట్టికలో ఒక్కో గడికి ఇలాంటివి నాలుగు ఉన్నాయనుకుందాం. 500 వరసలు, 20 నిలువు వరసలు ఉంటే 10,000 గడులు, అంటే 40,000 వస్తువులు. తెర మీద ఒకేసారి పట్టేది 30 వరసలే. కనిపించే వరసలకే వస్తువులు సృష్టించే పద్ధతిని వర్చువలైజేషన్ అంటారు. దానితో 40,000 కాస్తా 2,400కి తగ్గుతుంది.

డబ్ల్యూపీఎఫ్ గ్రిడ్‌లో (పట్టికలో) వరసలకి ఇది మామూలుగా ఆన్ అయ్యే ఉంటుంది. తెలియకుండా ఆఫ్ చేయడం మాత్రం చాలా తేలిక. గ్రిడ్‌ని స్టాక్‌ప్యానెల్ లేదా స్క్రోల్‌వ్యూయర్ అనే డబ్బాలో పెడితే చాలు. ఆ డబ్బా గ్రిడ్‌కి 'నీకు ఎంత ఎత్తు కావాలంటే అంత తీసుకో' అని చెబుతుంది. గ్రిడ్ 500 వరసల ఎత్తూ అడుగుతుంది. ఇప్పుడు దాని లెక్కలో అన్ని వరసలూ కనిపిస్తున్నట్టే, కాబట్టి అన్నిటినీ సృష్టిస్తుంది. తెర మీద ఏ తేడా కనిపించదు. టెస్టింగ్‌లో 10 వరసలతో చూస్తే సమస్య తెలియదు, కస్టమర్ దగ్గర డేటా పెరిగాకే బయటపడుతుంది.

తెరలు కట్టే ఇంకో పద్ధతి విండోస్ ఫార్మ్స్‌లో బరువు ఇంకో రకంగా ఉంటుంది. అక్కడ దాదాపు ప్రతి కంట్రోల్‌కీ ఆపరేటింగ్ సిస్టమ్ దగ్గర ఒక సొంత హ్యాండిల్ (గుర్తింపు సంఖ్య) ఉంటుంది. ఒక ప్రాసెస్‌కి ఇలాంటివి మామూలుగా 10,000 దాకా మాత్రమే ఇస్తుంది విండోస్. సంస్థ పనులన్నీ ఒకేచోట నడిపే పెద్ద ఈఆర్‌పీ తరహా సాఫ్ట్‌వేర్లలో ఈ హద్దుని ఢీకొట్టిన సందర్భాలు నిజంగానే ఉంటాయి.

వీటికి మించి నెమ్మదిపరిచేవి ఈవెంట్లు. ఒక ఫారంలో రాష్ట్రం, జిల్లా, మండలం, గ్రామం అని నాలుగు డ్రాప్‌డౌన్‌లు ఉన్నాయనుకోండి. రాష్ట్రాల జాబితా నింపి మొదటిదాన్ని ఎంచుకోగానే 'రాష్ట్రం మారింది' అనే ఈవెంట్ పుడుతుంది. అది జిల్లాల కోసం డేటాబేస్‌ని అడుగుతుంది. జిల్లాలు నిండగానే మండలాల కోసం ఇంకో ప్రశ్న, మండలాలు నిండగానే గ్రామాల కోసం ఇంకోటి. ఇంతా చేశాక, యూజర్ గతంలో దాచుకున్న రాష్ట్రాన్ని సెట్టింగ్స్ నుంచి చదివి పెడతారు. మొత్తం వరస మళ్లీ మొదలు. విండో ఇంకా కనిపించనే లేదు, డేటాబేస్‌కి ఆరేడు ప్రశ్నలు వెళ్లిపోయాయి, అందులో సగం జవాబులు చెత్తబుట్టలోకి.

వీటన్నిటినీ చేసేది ఒకే ఒక్క థ్రెడ్, అంటే ప్రోగ్రాంలో ఒకదాని వెనక ఒకటిగా నడిచే ఒక పనుల వరస. విండోస్ అయినా, మ్యాక్ అయినా, జావా స్వింగ్ అయినా కంట్రోల్స్‌ని ముట్టుకోవడానికి తెర పనులు చూసే ఒకే యూఐ థ్రెడ్‌కి హక్కు ఉంటుంది. అది డేటాబేస్ జవాబు కోసం ఆగితే విండో గడ్డకట్టుకుపోతుంది. 5 సెకన్ల పాటు ఒక విండో సందేశాలు అందుకోకపోతే విండోస్ దాని పేరు పక్కన 'నాట్ రెస్పాండింగ్' అని పెడుతుంది. ప్రాసెసర్‌లో 8 కోర్లు ఉండొచ్చు, 7 ఖాళీగా కూర్చుని ఉంటాయి. కొత్త కంప్యూటర్ కొన్నా కొన్ని అప్లికేషన్లు ఆశించినంత వేగం పుంజుకోకపోవడానికి ఇది పెద్ద కారణం.

బయటి నుంచి జవాబు వచ్చేదాకా ఆగే ప్రోగ్రాంలు

కొన్ని ఆలస్యాలకి మన ప్రాసెసర్, డిస్క్ ఏవీ కారణం కావు. డిఫాల్ట్ ప్రింటర్ నెట్‌వర్క్‌లో ఉండి, అది ఆఫ్ అయి ఉంటే, మొదట్లోనే ప్రింటర్ వివరాలు అడిగే ప్రోగ్రాం జవాబు కోసం ఆగుతుంది. ఇటీవల తెరిచిన ఫైళ్ల జాబితాలో ఇప్పుడు అందుబాటులో లేని షేర్డ్ డ్రైవ్ ఫైల్ ఉన్నా అంతే.

డాట్‌నెట్ ఫ్రేమ్‌వర్క్ 2.0 కాలంలో ఒక విచిత్రమైన సమస్య ఉండేది. డిజిటల్ సంతకం ఉన్న ప్రోగ్రాం మొదలయ్యేటప్పుడు ఆ సంతకం రద్దయిందేమో చూడటానికి ఇంటర్నెట్‌కి వెళ్లేది. నెట్ లేని మెషీన్‌లో ఆ ప్రయత్నం టైమ్‌అవుట్ అయ్యేదాకా ప్రోగ్రాం కదిలేది కాదు. శ్రద్ధగా సంతకం చేసి ఇచ్చిన సాఫ్ట్‌వేర్, చేయనిదానికంటే నెమ్మదిగా తెరుచుకునేది. కాన్ఫిగ్ ఫైల్‌లో ఒక్క లైను పెట్టి దీన్ని ఆపే వీలు తర్వాత ఇచ్చారు.

ఇదే జాతి సమస్య ప్రపంచమంతటికీ ఒకేసారి కనిపించిన రోజు 2020 నవంబర్ 12. మ్యాక్‌లో యాప్ తెరిచేటప్పుడు దాని సర్టిఫికెట్ చెల్లుతుందో లేదో ఆపిల్ సర్వర్‌ని అడుగుతారు. ఆ రోజు సర్వర్ పూర్తిగా పడిపోలేదు, బాగా నెమ్మదించింది. దాంతో ఎక్కడెక్కడి మ్యాక్‌లలోనో యాప్‌లు తెరుచుకోకుండా వేలాడాయి. వైఫై ఆపేస్తే మాత్రం వెంటనే తెరుచుకున్నాయి. సర్వర్ అసలు అందకపోతే ఆ పరీక్షని వదిలేయాలని ముందే రాసుకున్నారు, 'అందుతుంది కానీ జవాబివ్వదు' అనే పరిస్థితిలోనే ఇరుక్కుపోయారు.

ఫాంట్ల సంగతి మన దగ్గర డీటీపీ చేసేవాళ్లకి బాగా తెలుసు. తెలుగు డీటీపీ మెషీన్‌లో అను ఫాంట్లతో మొదలుపెట్టి వందల ఫాంట్లు ఉంటాయి. ప్రతి ఫాంట్ ఫైల్‌నీ తెరిచి పేరు, రకం చదివాకే కొన్ని డిజైన్ సాఫ్ట్‌వేర్లు ముందుకు కదులుతాయి. ఫోటో ఎడిటర్ గింప్ కూడా ఒకప్పుడు అలాగే ఆగేది. 2018లో వచ్చిన గింప్ 2.10.4లో ఫాంట్లు చదివే పనిని వెనకాల వేరేగా నడిచేలా మార్చారు. విండో ముందే వచ్చేస్తుంది. ఫాంట్లు ఇంకా నిండకముందే టెక్స్ట్ టూల్ పట్టుకుంటే మాత్రం అక్కడ కాసేపు ఆగాలి. ఈ సంగతి ఆ బృందం విడుదల నోట్స్‌లోనే చెప్పింది. ఆలస్యం జరిగింది, అవును. కానీ ఫోటో కత్తిరించుకోవడానికి వచ్చినవాళ్ల మీద నుంచి అక్షరాలు రాయడానికి వచ్చినవాళ్ల మీదికి జరిగింది. నా దృష్టిలో ఇది న్యాయమైన మార్పే.

ఒక బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ లెక్క

ఊహకి ఒక ఆస్పత్రి బిల్లింగ్ అప్లికేషన్ తీసుకుందాం. తెరుచుకోవడానికి 7 సెకన్లు. అందులో ప్రాసెస్, డీఎల్‌ఎల్‌లు, రన్‌టైమ్‌కి 1.2. సెట్టింగ్స్ ఫైల్ చదవడానికి 0.3. డేటాబేస్ కనెక్షన్, మొదటి జాబితాలకి 1.8. 14 ట్యాబ్‌ల మెయిన్ విండో కట్టడానికి 2.9. ప్రింటర్ల జాబితాకి 0.8.

సెట్టింగ్స్ చదివే కోడ్ చూడటానికి అసహ్యంగా ఉందని ఒక ప్రోగ్రామర్ వారం కూర్చుని దాన్ని పది రెట్లు వేగంగా చేశారనుకుందాం. ఆదా అయింది 0.27 సెకను. ఎవరూ గమనించరు.

ఇప్పుడు వేరేలా చూద్దాం. తెరుచుకోగానే కనిపించేది ఒక్క ట్యాబే. మిగతా 13 ట్యాబ్‌లని క్లిక్ చేసినప్పుడే కడదాం. విండో ఖర్చు 2.9 నుంచి 0.5కి దిగింది. ప్రింటర్ల జాబితా విండో వచ్చాక తీరిగ్గా తెద్దాం, 0.8 పోయింది. విండో కడుతున్నప్పుడే ఇంకో థ్రెడ్ మీద డేటాబేస్ పని నడిపిద్దాం. 0.5, 1.8 ఒకదాని వెనక ఒకటి కాకుండా పక్కపక్కన నడుస్తాయి. విండో 2 సెకన్లకి కనిపిస్తుంది, డేటా 3.3 సెకన్లకి నిండుతుంది. ఒక్క ఫంక్షన్ కూడా వేగవంతం చేయలేదు, పనుల వరస మార్చామంతే.

మరి పోయిన 2.4 సెకన్లు ఎక్కడికెళ్లాయి? 13 ట్యాబ్‌ల మీద సమానంగా పడితే ఒక్కోదానికి 0.18 సెకను. మొదటిసారి క్లిక్ చేసినప్పుడు 0.1 హద్దు దాటుతుంది కాబట్టి చిన్న ఆగుడు తెలుస్తుంది, 1 సెకనుకి చాలా దూరం కాబట్టి బాధించదు. రోజూ రెండే ట్యాబ్‌లు వాడే క్యాషియర్‌కి నికర లాభం. అన్ని ట్యాబ్‌లూ తిరిగే మేనేజర్‌కి మొత్తం కలిపితే అంతే అవుతుంది, కాకపోతే ఒకేసారి కట్టాల్సినది వాయిదాల్లో కడుతున్నారు.

ఈ లెక్క వేయాలంటే ముందు కొలవాలి. విండోస్‌లో ప్రాసెస్ మానిటర్ అనే టూల్ పెడితే ప్రోగ్రాం ముట్టుకున్న ప్రతి ఫైలూ టైముతో సహా కనిపిస్తుంది. కొలత ఎంత పని చేస్తుందో 2021లో జీటీఏ ఆన్‌లైన్ గేమ్ విషయంలో తేలింది. లోడ్ కావడానికి తన మెషీన్‌లో ఆరు నిమిషాలు పడుతోందని ఒక ప్రోగ్రామర్ సోర్స్ కోడ్ లేకుండానే, సమయం ఎక్కడ ఖర్చవుతోందో చూపించే ప్రొఫైలర్‌తో లోపలికి తొంగిచూశారు. 10 ఎంబీ ఫైల్ ఒకటి, అందులో 63,000 వస్తువుల జాబితా. ఒక్కో ముక్క చదివినప్పుడల్లా ప్రోగ్రాం మిగిలిన ఫైల్ మొత్తం పొడవుని మళ్లీ లెక్కిస్తోంది. ఒక్కో వస్తువు చేర్చేటప్పుడు అది ముందే ఉందేమోనని అప్పటిదాకా చేర్చినవాటన్నిటితో పోలుస్తోంది, మొత్తం దాదాపు 198 కోట్ల పోలికలు. ఆ రెండూ సరిచేస్తే లోడింగ్ రెండు నిమిషాలలోపుకి దిగింది. గేమ్ కంపెనీ ఆ మార్పుని అధికారికంగా తీసుకుని, కనిపెట్టిన వ్యక్తికి 10,000 డాలర్లు ఇచ్చింది. నెట్ స్లో, సర్వర్ బిజీ అని జనం ఏళ్ల తరబడి అనుకున్నది వీటివల్లే.

'అవసరమైనప్పుడే' పద్ధతి, దాని చిక్కులు

కిరాణా కొట్టు షట్టర్ ఎత్తగానే బేరం మొదలవుతుంది, గోడౌన్‌లో సరుకంతా కౌంటర్ మీదికి తెచ్చాక కాదు. సాఫ్ట్‌వేర్‌లో దీన్ని లేజీ లోడింగ్ అంటారు. ఎక్లిప్స్ ఐడీఈ (ప్రోగ్రాంలు రాయడానికి వాడే సాఫ్ట్‌వేర్) దీన్ని మొదటి నుంచీ పకడ్బందీగా చేసింది. ప్రతి ప్లగిన్ తన మెనూ పేర్లు, ఐకాన్ల వివరాలని ఒక ఎక్స్‌ఎంఎల్ ఫైల్‌లో రాసి ఇస్తుంది. ఎక్లిప్స్ ఆ ఫైల్ చూసి మెనూ గీసేస్తుంది. అసలు కోడ్ మెమరీలోకి వచ్చేది మనం ఆ మెనూ నొక్కినప్పుడే. కోడ్ రాసే ఎడిటర్ వీఎస్ కోడ్‌లోనూ ఇదే సూత్రం. పైథాన్ ఎక్స్‌టెన్షన్ పైథాన్ ఫైల్ తెరిచినప్పుడు మేలుకుంటుంది. పైగా ఎక్స్‌టెన్షన్‌లన్నీ వేరే ప్రాసెస్‌లో నడుస్తాయి కాబట్టి ఒకటి మొరాయించినా విండో ఆగదు.

దీనికి అభ్యంతరాలు లేకపోలేదు, అవి తీసిపారేసేవీ కావు. అన్నీ ముందే లోడ్ చేస్తే కాన్ఫిగరేషన్ తప్పులు ప్రోగ్రాం తెరవగానే బయటపడతాయి. లేజీగా చేస్తే రిపోర్ట్ మాడ్యూల్ పాడైందన్న సంగతి నెలాఖరున రిపోర్ట్ తీసేటప్పుడు తెలుస్తుంది. పొద్దున ఒకసారి తెరిచి సాయంత్రం దాకా మూయని అప్లికేషన్లు ఉంటాయి. షేర్ల ట్రేడింగ్ టెర్మినల్ లాంటిచోట ఆరంభంలో పది సెకన్లు ఆగడం నయం, సరిగ్గా ఆర్డర్ పెట్టే క్షణంలో అర సెకను ఆగడం కంటే. అన్నిటికీ ఒకే మంత్రం పనిచేయదు. జనం ఆ ప్రోగ్రాంని రోజుకి ఎన్నిసార్లు తెరుస్తారు, తెరిచాక మొదట ఏం నొక్కుతారు అన్నది తెలియాలి.

థ్రెడ్‌లకి పంచడంలోనూ జాగ్రత్త కావాలి. వెనకాల నడిచే పని పూర్తికాకముందే యూజర్ బటన్ నొక్కితే ఏం చేయాలో ముందే ఆలోచించకపోతే, నెమ్మదితనం పోయి అప్పుడప్పుడూ మాత్రమే వచ్చే క్రాష్‌లు మిగులుతాయి. వాటిని పట్టుకోవడం ఇంకా కష్టం.

స్ప్లాష్ స్క్రీన్, అస్థిపంజరం విండో

ఆలస్యాన్ని తగ్గించలేనప్పుడు అది భారంగా అనిపించకుండా చేయవచ్చు. లోగోతో వచ్చే స్ప్లాష్ స్క్రీన్ పాత పద్ధతి. క్లిక్ అందిందన్న భరోసా ఇస్తుంది, కాబట్టి మళ్లీ మళ్లీ డబుల్ క్లిక్ చేసి మూడు కాపీలు తెరిచే పరిస్థితి తప్పుతుంది. ఫైర్‌ఫాక్స్ బృందం 2021లో విండోస్ కోసం ఇంకో అడుగు వేసింది. బ్రౌజర్ అసలు ఇంజిన్ ఉన్న భారీ డీఎల్‌ఎల్ లోడ్ కాకముందే, టూల్‌బార్, ట్యాబ్‌ల స్థానాల్లో ఖాళీ బూడిదరంగు ఆకారాలతో ఒక విండో గీసేస్తుంది. ఇంజిన్ రాగానే అదే విండోలో అసలువి వచ్చి కూర్చుంటాయి.

ఇది మోసమనేవాళ్లున్నారు. ఆకారం కనిపించి, క్లిక్ చేస్తే స్పందించకపోతే చిరాకు రెట్టింపవుతుందన్న మాటలో నిజం ఉంది. అవతలివైపు, కంటికి ఏదో అందిందంటే నిరీక్షణ తేలికవుతుందన్నదీ నిజమే. ఆ ఆకారం నిలబడేది అర సెకను అయితే సమర్థించవచ్చు. నాలుగు సెకన్లు అయితే అసలు సమస్య అలాగే ఉన్నట్టు.

ముందే లోడ్ చేయడం: ర్యామ్ ఎవరిది?

ప్రీలోడ్ కొత్త ఆలోచన కాదు. ఆఫీస్ 97తో పాటే స్టార్టప్ ఫోల్డర్‌లో ఒక చిన్న ప్రోగ్రాం కూర్చుని ఆఫీస్ భాగాలని ముందే మెమరీలోకి తెచ్చేది. ఓపెన్‌ఆఫీస్‌కి క్విక్‌స్టార్టర్ ఉండేది. 2021లో ఎడ్జ్ బ్రౌజర్‌కి కూడా స్టార్టప్ బూస్ట్ వచ్చింది.

సమర్థించేవాళ్ల వాదన గట్టిదే. ఖాళీ ర్యామ్ వల్ల ఎవరికీ లాభం లేదు. రోజూ వర్డ్ వాడేవాళ్లకి అది ముందే సిద్ధంగా ఉంటే నేరుగా ఉపయోగం. మైక్రోసాఫ్ట్ కూడా హద్దులు పెట్టింది. 8 జీబీ ర్యామ్, 5 జీబీ ఖాళీ డిస్క్ ఉంటేనే ఆఫీస్ స్టార్టప్ బూస్ట్ నడుస్తుంది, ఎనర్జీ సేవర్ ఆన్‌లో ఉంటే నడవదు, వర్డ్ ఆప్షన్స్‌లో ఆపేసుకోవచ్చు.

వ్యతిరేకించేవాళ్లు చెప్పేది ఇది: ఒక్క ప్రోగ్రాం చేస్తే బాగానే ఉంటుంది, ప్రతి కంపెనీ అదే చేస్తే లాగిన్ అయిన వెంటనే అన్నీ ఒకేసారి డిస్క్ మీద పడతాయి. ఈ సాఫ్ట్‌వేర్ వేగంగా తెరుచుకుంటుంది, ఆ భారం లాగిన్ మీదా, పక్క ప్రోగ్రాంల మీదా పడుతుంది. 8 జీబీ అనే హద్దు కూడా సరిగ్గా మన దగ్గర మామూలు ఆఫీసుల్లో, ఇంటర్నెట్ సెంటర్లలో ఉండే మెషీన్ల స్థాయి. అక్కడ బ్రౌజర్‌లో పది ట్యాబ్‌లు తెరిస్తే ఖాళీ ర్యామ్ అంటూ పెద్దగా మిగలదు.

నాకు రెండో వాదనే ఎక్కువ బరువైనదిగా తోస్తుంది, ఒక కారణంతో. ప్రీలోడ్ వచ్చాక లోపలి పని ఎంత పెరిగినా కొలతలో కనిపించడం మానేస్తుంది. లోపల పని తగ్గించి, ఆ పైన ప్రీలోడ్ కూడా పెడితే ఎవరికీ అభ్యంతరం ఉండక్కర్లేదు.

వెబ్ పేజీలు కట్టే పద్ధతిలోనే డెస్క్‌టాప్ యాప్‌లు చేసే ఎలక్ట్రాన్ అనే సాధనం మీద జరిగే గొడవలోనూ ఇలాంటి చిక్కే ఉంది. ఎలక్ట్రాన్‌తో చేసిన ప్రతి యాప్ తన వెంట ఒక క్రోమియం బ్రౌజర్‌ని మోసుకొస్తుంది, ఆ కనీస బరువు తప్పించుకోలేనిది. మీటింగ్‌ల యాప్ టీమ్స్‌ని 2023లో ఎలక్ట్రాన్ నుంచి, ఎడ్జ్ ఇంజిన్‌ని వాడుకునే వెబ్‌వ్యూ2కి మార్చినప్పుడు వేగం రెండింతలైందని, మెమరీ సగమైందని మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. ఇంకోవైపు వీఎస్ కోడ్ కూడా ఎలక్ట్రానే, అది చాలా నేటివ్ ఐడీఈల కంటే చురుగ్గా తెరుచుకుంటుంది. పునాది వల్ల కొంత భారం పడుతుంది, మిగతాది దాని మీద ఎలా కట్టారన్నదాన్ని బట్టే.

ఒకసారి తగ్గిన ఆలస్యం మళ్లీ పెరగకుండా

ఏ బృందమూ ఒక్క రోజులో 5 సెకన్ల ఆలస్యాన్ని చేర్చదు. ఒక ఫీచర్‌కి 40 మిల్లీసెకన్లు, ఇంకోదానికి 25. ఏ ఒక్కటీ అడ్డుపెట్టేంత పెద్దది కాదు. ఏడాదికి వంద ఫీచర్లు వస్తే మూడు సెకన్లు దాటిపోతుంది. అందుకే కొన్ని బృందాలు దీన్ని మనుషుల జ్ఞాపకానికి వదలకుండా యంత్రానికి అప్పగించాయి. ఫైర్‌ఫాక్స్‌కి టాలోస్ అనే పరీక్షల వ్యవస్థ ఉంది, అందులో బ్రౌజర్ మొదలై మొదటిసారి తెర మీద గీయడానికి పట్టే సమయాన్ని కొలిచే పరీక్ష ఒకటి. చేర్చిన కోడ్ వల్ల ఆ అంకె పెరిగితే అది ఎవరి మార్పుతో పెరిగిందో హెచ్చరిక వస్తుంది. వీఎస్ కోడ్‌లో ఈ లెక్క వాడేవాళ్లకి కూడా అందుబాటులో ఉంది: కమాండ్ ప్యాలెట్‌లో 'డెవలపర్: స్టార్టప్ పెర్ఫార్మెన్స్' ఎంచుకుంటే, తెరుచుకునేటప్పుడు ఏ దశకి ఎన్ని మిల్లీసెకన్లు పట్టింది, మీరు వేసుకున్న ఏ ఎక్స్‌టెన్షన్ ఎంత తీసుకుంది అన్నది వరసగా చూపిస్తుంది.